బొంత నడుమ నీలం అంగి

లేదంటే నమ్మవేంది వీరలక్ష్మీ? పెట్టె తెరిచి సూపెట్టాల్నా? మంచం కింద సూస్తవా? సూడు పో. నా ఇంట్ల లేదు ఆ బొంత.

నువ్వే గదా తెచ్చి నా గడప మీద పడేసినవ్! గిప్పుడొచ్చి గిట్ల కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటే నేనేం జెయ్యాలె? కూసో. ముందుగాల కూసో.

ఆ రోజు ఏమన్నవో యాదికున్నదా? "మీ దేవుడు కూడా వినలేదు కదండీ అరుణమ్మగారూ" అన్నవ్. గంతే. తిట్టినా బాగుండు! మీ రాజమండ్రి మాట మెత్తగనే ఉంటది గానీ లోపలికి దిగుతది. బొంత తీసి లోపల పెట్టుకున్న.

అరె, తల దించుకోకు. తప్పు పడుతలేను. మనిషి పోయినంక మాట ఎట్లనన్న వస్తది. మా ఆయన పోయిన దినం నేను పాస్టరు గారినే బయటికి పొమ్మన్న, తెలుసా? పాపం ఆయన గొడుగు కూడా మర్చిపోయి పోయిండు.

అసలు మొదలువెట్టింది నేనే. నువ్వు పిలువలే. కంపెనీల గ్యాసు పట్టి మీ ఆయన రాజారావు సారును దవాఖానల ఏసినంక, గోడ అవతలికెల్లి నీ ఏడుపు ఇనవడుతుంటే నాకు ముద్ద దిగలే. డాక్టర్లతోని మాట్లాడేంత చదువు నాకు లేదు. నిన్ను కారుల తిప్పేంత ఉన్నదాన్ని కాదు. నాకొచ్చింది ఒక్కటే, సూది.

నీకు ఆ రోజే చెప్పిన గదా. మా చర్చి ఆడోళ్లం బేస్తారం బేస్తారం కూసుంటం. ఎవలకన్న పానం బాగలేకపోతే వాళ్లింట్ల పాత బట్టలే తెచ్చి బొంత కుడతం. నోటితోని ప్రార్థన చెయ్యం. సూది దిగేటప్పుడు "ప్రభువా" అనుకోవాలె, పైకొచ్చేటప్పుడు ఆ మనిషి పేరు. అంతే. ఎన్ని కుట్లో అన్నిసార్లు. ముడులన్నీ కింది దిక్కుకే, ఎవలికీ కనవడొద్దు. గిది చెప్తే నువ్వు అంత ఏడుపుల కూడా నవ్వినవ్. "మా అమ్మ లక్షవత్తులు చేసినట్టన్నమాట" అన్నవ్. గట్లనే అనుకో, తప్పేమున్నది అన్న.

రెండు పాత చీరలిచ్చినవ్. ఆయన కంపెనీ అంగి ఇచ్చినవ్, నీలపుది. మోచేతి కాడ యాసిడ్ పడి కాలింది సూడు, గది. ఆ అంగిని నడుమ పెట్టిన. జేబు మాత్రం ఇప్పలే. కప్పుకుంటే జేబు మనిషి ఎద మీదికొస్తది, ఉండనీ అనుకున్న. మా కౌసల్యక్కకు చూపు ఆనదు, వేళ్లు పొడుసుకుంట కుట్టింది. అందరం కలిసి తీసుకపోయి కప్పినం. మర్నాడు కండ్లు తెరిచి చాయ్ అడిగిండని నువ్వే ఉరికొచ్చి చెప్పినవ్. నాకు ఎంత సంబురమైందో! వాడకట్టంత చెప్పుకున్న.

ఇగ ఆ తర్వాత మాట ఎందుకులే.

కానీ వీరలక్ష్మీ, మా కట్టు ఒకటున్నది. మనిషి పోతే ఆ బొంత దాచుకోవద్దు. చేసిన ప్రార్థన పెట్టెల మురగవెట్టొద్దంటరు. ఇంకో రోగి పేరు మీద నాలుగు కుట్లు ఏసి ఆ రోగికే కప్పాలె. గదే చేసిన. నాకేం తెలుసు, దినాల నాడు మీ ఆడబిడ్డలు ఆయన బట్టలన్నీ మూటగట్టి ఎవలికో ఇచ్చేసిండ్రని? మా దిక్కు ఒక్క రుమాలన్న దాసుకుంటరు. మీ ఇంట్ల ఒక్క బనీను కూడా మిగలలేదని నిన్న నువ్వు గోడ కాడ చెప్పేదాక నాకు తెల్వదు. అడగాల్సింది. అడగలే. నువ్వు అప్పుడు ఏ సోయిల ఉన్నవని?

ఎవలికిచ్చిన అంటవా? సంగారెడ్డి దవాఖానల బీహారు పిల్ల ఉన్నది. మొగడు పాశమైలారం దిక్కు కంపెనీల లేబరు. మొదటి కాన్పు, బిడ్డ దక్కలే. చలిజ్వరంతోని గజగజ వణుకుతుంటే ఆ బొంతే కప్పి వచ్చిన.

ఆగు, ఆగు. లేవకు. పోయిన నేను. నువ్వు అడిగినవని ఈ పొద్దుగాలనే పోయిన! బజార్ల షోలాపూర్ దుప్పటి తీసుకున్న, కొత్తది, మంచి ఎర్రది. ఇది ఇచ్చి అది తెద్దామని. "బేటీ, యే లేలే, ఓ దేదే" అన్న. నా హిందీ సంగతి నీకు ఎరుకే గదా.

ఆ పిల్ల లేచి కూసున్నది. దుప్పటిని సూసింది, నన్ను సూసింది. కాదనలే తల్లీ. కాదంటే గుంజుకొచ్చేదాన్నేమో. ఆ జేబుల చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టబట్టింది. గోలీలు. పిన్నీసు. ఒక నల్లపూసల దారం, ఇంతే ఉన్నది, బిడ్డ చేతికి కడదామని గుచ్చుకున్నదట. జేబు ఖాళీ చేస్తున్నది బిడ్డా, నాకియ్యనీకి!

"రహనేదే, రహనేదే", ఉండనీ తల్లీ అనుకుంట దుప్పటి కూడా ఆన్నే పడేసి ఉరికొచ్చిన. బస్సుల ఒకటే ఏడుపు. కండక్టరు టికెట్ అడుగుడే బంద్ చేసిండు.

ఇప్పుడు చెప్పు, నేనేం జెయ్యాలె? అంగి నీది. కాదంటలేను. రేపు నువ్వు నాతోని వస్తే తీసుకపోత. నువ్వే అడుగు, ఇస్తది, మంచి పిల్ల. కత్తెర కూడా నేనే తెస్త. కానీ నడుమకెల్లి అంగి కోస్తే ఇగ బొంత ఉండది. అది తెలుసుకొని రా. కోసుడు మాత్రం నాతోని కాదు.

ఏంది? వద్దంటున్నవా, వస్తనంటున్నవా? అట్ల చీర కొంగు నోట్లె కుక్కుకుంటే నాకు సమజ్ కాదు. సరే, ఏడువు. ఏడువు తల్లీ.

ఒక్క మాట చెప్త. మా పాస్టరమ్మ చెవుల పడనీయకు.

ఆ పిల్లకు ఇచ్చేటప్పుడు ఆమె పేరు మీద నాలుగు కుట్లు ఏయాలె గదా. ఏసిన. సూది దిగింది, ప్రభువా అన్న. పైకొచ్చింది, రాజారావు అన్న. నాలిక కరుసుకొని మళ్ల ఏసిన. మళ్ల గదే పేరు. మా చర్చిల చచ్చినోళ్ల కోసం ప్రార్థన చెయ్యొద్దు. వాళ్లు దేవుని చేతిల పడ్డరు, ఇంక అడిగేదేమున్నది అంటరు. నిజమే. నోరు ఒప్పుకున్నది. చెయ్యి ఒప్పుకుంటలేదు.

ఇగో, నా ఒళ్లె ఉన్నది మా వాడకట్టు పోచయ్య బొంత. కాలు ఇరిగి మంచాన పడ్డడు. బస్సు దిగొచ్చినప్పటిసంది కుడుతున్న, పాపం ఆయన పేరు ఒక్కపారి రాలే. కాల్చి బూడిద కలిపొచ్చిన మనిషిని బాగుచెయ్యి, బాగుచెయ్యి అని అడుగుతున్న. పిచ్చిదాన్నయిన.

దేవుడు ఇనలేదన్నవ్ గదా నువ్వు. ఇనలేదని నాకూ ఎరుకే బిడ్డా. సూదికి ఎవలు చెప్పాలె?