తేదీ చెప్పని మాస్టారు

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ అమ్మగారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని 'వీడు ఏం వాగుతాడో' అని ఇప్పటికే కంగారు పడుతున్న మా అక్కకు, ఆవిడ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్న మా బావగారికి, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు వందనాలు.

మాస్టారికి విడిగా చెబుతాను. ఈ పూట పదవీ విరమణ సన్మానం అందుకుంటున్నారు కాబట్టి నేను ఏం చెప్పినా మధ్యలో ఖండించడానికి వీల్లేదు. ఇన్నేళ్ళకు నాకు దొరికిన అవకాశం ఇది. (నవ్వులు)

మన బైబిల్ కళాశాలలో ప్రవచనాల తరగతి చెప్పడం ఎంత ఇబ్బందో బయటివారికి తెలియదు. రేపు సంఘాలకు కాపరులుగా వెళ్ళవలసిన పిల్లలు దానియేలు, ప్రకటన గ్రంథాలు తెరిచీ తెరవగానే అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "క్రూరమృగం ఎవరు సార్?" రెండోది: "అంతం ఎప్పుడు సార్?" మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాకు తెలియదు నాయనా. ఈ పుస్తకం మొట్టమొదట చేతికందిన వాళ్ళు దీన్ని చదివి ధైర్యం తెచ్చుకున్నారు. వాళ్ళకేం వినబడిందో ముందు చూద్దాం," అనేవారు. దాంతో ఆయనకు 'తెలియదు మాస్టారు' అని పేరు పడిపోయింది. మాస్టారూ, ఆ పేరు మీకు తెలియదని పిల్లలు ఇప్పటికీ నమ్ముతున్నారు. (నవ్వులు)

స్టాఫ్ రూములో మా ఇద్దరిదీ ఒకే బల్ల. క్రీస్తు భూమ్మీద వెయ్యేళ్ళు ఏలుతాడన్న మాట అక్షరాలా జరుగుతుందని నేను నమ్ముతాను. అది సంపూర్ణ కాలానికి గుర్తే తప్ప లెక్కపెట్టే సంఖ్య కాదని ఆయన అంటారు. మా వాదన ముగిసేసరికే వెయ్యేళ్ళు పడతాయని లైబ్రేరియన్ గారు ఒకసారి విసుక్కున్నారు. ఆ వాదనలో ఎవరు నెగ్గారో చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. మా ఇంట్లో జరిగినది చెప్పడానికి నిలబడ్డాను. అక్కా బావలను అడిగి, వాళ్ళు సరేనన్నాకే చెబుతున్నాను.

కొన్నేళ్ళ కిందట ఒక సంచార బోధకుడు మా పేటకు వచ్చాడు. టైర్ల దుకాణం పైనున్న హాలు అద్దెకు తీసుకుని, గోడంతా పరుచుకునే గుడ్డ పటం ఒకటి కట్టి, దానియేలు గ్రంథంలో చెప్పిన డెబ్బై వారాల లెక్కకు పేపర్లోని యుద్ధాలను కలుపుకుంటూ వెళ్ళి చివరికి ఒక శుక్రవారం దగ్గర వేలు ఆనించాడు. ఆ రోజే ప్రభువు వస్తాడన్నాడు. బస్సు నడిపే మా బావగారు, ఏ మాటనూ తేలిగ్గా నమ్మని మనిషి, ఆ మాట నమ్మారు.

అప్పటికి మా అక్కకు కళ్ళలో నీటికాసులు, అదే గ్లాకోమా. ఆపరేషన్ ఆలస్యం చేస్తే చూపు పోతుందని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు గట్టిగా చెప్పింది. అక్క నాతో ఏమందంటే, "కొత్త ఒళ్ళు, కొత్త కళ్ళు వస్తాయంటుంటే పాత కళ్ళకి ఈ కోతలెందుకురా తమ్ముడూ?"

మాస్టారిని వాళ్ళింటికి తీసుకువెళ్ళాను. బావగారు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నిలబడే అడిగారు.

"మీరు చదువుకున్నవారు. ఆయన లెక్క తప్పో ఒప్పో ఒక్క ముక్కలో చెప్పండి."

"తప్పండీ," అన్నారు మాస్టారు. తేదీల సంగతిలో ఆయన నోట 'తెలియదు' కాకుండా మరో మాట వినడం నాకదే మొదలు. "ఆ రోజు ఎప్పుడో తనకే తెలియదని, తండ్రికే తెలుసునని ప్రభువే చెప్పాడు. ఆయనకి తెలియనిది ఈయనకెలా తెలిసింది?"

"ఇక మీరు వెళ్ళొచ్చు," అన్నారు బావగారు.

మాస్టారు గుమ్మం దాటబోతూ అక్క వైపు తిరిగారు. "అమ్మా, ప్రభువు ఇవాళే వచ్చాడనుకో. ఆపరేషన్ బల్ల మీద ఉందని నిన్ను వదిలేసి వెళ్ళడు."

అక్క తల వంచుకుంది. ఆసుపత్రికి మాత్రం వెళ్ళలేదు.

శుక్రవారం రానే వచ్చింది. ఆ ఉదయం నేను అక్కను బతిమాలదామని హాలుకు వెళితే, మెట్ల మీద మాస్టారు కనిపించారు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో బైబిలుతో పైకి ఎక్కుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు వెళ్ళి కూర్చుంటే ఒప్పుకున్నట్టే కదండీ?" అన్నాను.

"రేపు వీళ్ళని చూసి పేటంతా నవ్వుతుంది," అన్నారు ఆయన. "నవ్వని మనిషి ఒకడైనా ఉండాలి. రేపు వస్తే పరామర్శకి వచ్చాననుకుంటారు. కూర్చుంటే ఇవాళే కూర్చోవాలయ్యా." నేనూ ఆయన వెనకాలే ఎక్కాను.

ఆ హాలు నా కళ్ళ ముందు ఇంకా ఉంది. కింది నుంచి రబ్బరు వాసన. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చిన కుటుంబాలు. పాడి పాడి బొంగురుపోయిన గొంతులు. మధ్యాహ్నం బోధకుడు ఫోను మాట్లాడి వస్తానని కిందికి దిగాడు. మళ్ళీ రాలేదు. కిటికీలో వెలుగు తగ్గింది, వీధి దీపాలు వెలిగాయి, పసిబిడ్డలు పాలకు ఏడుస్తున్నారు. అయినా ఎవరూ లేవలేదు. మొదట లేచినవాడు అంతా అయిపోయిందని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

అప్పుడు మాస్టారు పక్కనే ఉన్న మా బావగారిని మెల్లగా అడిగారు. "ఎవరి కోసం చూస్తున్నారండీ?"

"ప్రభువు కోసమనే చెప్పాలి. నిజం చెప్పమంటే మా తమ్ముడి కోసమండీ," అన్నారు బావగారు. ఆ తమ్ముడూ డ్రైవరే. అంతకు ముందు ఏడాది రోడ్డు ప్రమాదంలో పోయాడు. బావగారు ఎవరి ముందూ ఏడవలేదు. ఆ సాయంత్రం ఏడ్చారు.

మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "అయితే చూడండి. చూడడం మానకండి. తేదీ ఒక మనిషి పెట్టింది, అది తప్పింది. చనిపోయినవాళ్ళని లేపుతానన్న మాట ఆయన ఇచ్చింది. అది ఇంకా ఉంది."

ఆ మాట అని మాస్టారే మొదట లేచారు. తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ తీసి గోడ పక్కన పెట్టి, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి పేర్చడం మొదలుపెట్టారు. కాసేపటికి బావగారూ లేచి కుర్చీలు అందించారు. తరువాత ఒక్కొక్కరే లేచారు.

మరుసటి వారమే అక్కకు ఆపరేషన్ అయింది. అప్పటికే కుడి కంటి చూపు పోయింది. ఎడమ కన్ను దక్కింది. మాస్టారి పుణ్యమా అని అంతా బాగైపోయిందని ఇక్కడ చెబితే ఆయనకే కోపం వస్తుంది. అంతా బాగవలేదు. ఆ హాల్లో కూర్చున్నవారిలో కొందరు మళ్ళీ ఏ చర్చి గడపా తొక్కలేదు. వాళ్ళిళ్ళకు కూడా ఆయన వెళ్ళేవారు, బోధించడానికి కాదు, ఊరికే పలకరించడానికి. అక్క మాత్రం, "నీ తప్పులు చూడ్డానికి ఒక కన్ను చాల్లేరా," అంటుంది నాతో. (నవ్వులు)

వచ్చే జూన్ నుంచి ప్రవచనాల తరగతి నాకు అప్పగించారు. వెయ్యేళ్ళ గురించి నా అభిప్రాయం మారలేదు, మాస్టారూ, మారుతుందని ఆశ పెట్టుకోకండి. కానీ పోయిన వారం మన బల్ల దగ్గర, ఆ తరగతి ఎక్కడ మొదలుపెట్టాలని మిమ్మల్ని అడిగాను. ప్రకటన గ్రంథంలోని మృగం దగ్గరా, ముద్రల దగ్గరా, ఏడు సంఘాల దగ్గరా అని. మీరు డ్రాయరు ఖాళీ చేసుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పారు. "పిల్లల్లో ఈమధ్య ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడు ఎవడో కనుక్కో. దేవుడు కన్నీళ్ళు తుడిచే చోటు ఆ పుస్తకం చివర్లో ఉంది. వాడికి అక్కడిదాకా ఓపిక ఉండదు. వాడి కోసం అక్కడ మొదలుపెట్టు."

అలాగే మొదలుపెడతాను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి ముందు ఇంతసేపు ఎదురు లేకుండా మాట్లాడనిచ్చిన అధ్యక్షులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఇక సెలవు.