చివరి ఓడకు బాల్సా

అగ్నిపర్వతాల దీవి మీద, రబావుల్ రేవుకు గంట దూరంలో ఒక బాల్సా తోట, గాలిమరల రెక్కల్లో వాడే తేలిక చెక్కది. పొద్దెక్కింది. తోట పెంచిన ముసలాయన తోవాదెక్. ఎదురుగా ఉన్నది ఆయన మేనల్లుడు తోలిమన్, చెక్క మిల్లు తరఫున చెట్లు కొలిచే మనిషి. మా వైపు నేల తల్లి వంశంలోనే నడుస్తుంది. మామ కన్ను మూస్తే ఆయన నేల కొడుక్కో కూతురికో కాదు, మేనల్లుడికి వస్తుంది. అందుకని మామా అల్లుళ్ళు కలిస్తే ప్రేమ ఎంతో, అనుమానమూ అంతే.

“కొలిచిన చెట్టునే మళ్ళీ ఎందుకు కొలుస్తున్నావురా అల్లుడూ?”

“కొలవట్లేదు మామా. చూస్తున్నా.”

“చూడ్డానికి టేపెందుకు?”

“చేతిలో ఉంది. పట్టుకున్నా.”

“పదిహేను రోజుల కిందట ఇదే చెట్టుకి టేపు చుట్టావు. అంతకుముందు తొలిచి ముక్క తీసుకెళ్ళావు. ఆ ముక్క ఏమైంది?”

“తూకం వేశారు.”

“వేసి?”

“తేలిగ్గా ఉంది, బాగుందన్నారు.”

“బాగుంటే కొంటామనే కాగితం ఏది?”

“వస్తుందిలే మామా. ముందు వక్క నములు. ఇదిగో సున్నం.”

“నీ సున్నం నాకొద్దు. నా సున్నం నాకుంది.”

“నా చేతి సున్నం కూడా తినవా?”

“ఈ వయసులో ఎవరిది పడితే వాళ్ళది తినకూడదు. ఊళ్ళో ఎన్ని వినట్లేదు.”

“నేను మందు పెడతానా నీకు?”

“నేనన్నానా ఆ మాట? నువ్వే అన్నావు.”

“సరే, నేనే అన్నా. నీతో మాట్లాడ్డం నా వల్ల కాదు.”

“మాట్లాడొద్దు. కాగితం ఇచ్చి పో.”

“ఆర్డర్లు లేవు మామా. చెప్పా కదా పోయిన నెల.”

“మళ్ళీ చెప్పు. ఎందుకు లేవు?”

“గాలిమరలు కట్టేవాళ్ళు రెక్కల్లో చెక్క వాడటం తగ్గించేశారు. ఫోమ్ పెడుతున్నారు. ప్లాస్టిక్ నురగ, అట్టల్లా వస్తుంది.”

“మన చెక్క ఏం పాపం చేసింది?”

“సమయానికి దొరకలేదు. ఆ మధ్య అందరూ ఒక్కసారే గాలిమరలు కావాలని ఎగబడ్డారు. చెట్టు ఐదేళ్ళు పెరగాలి కదా, వాళ్ళ తొందర దానికేం తెలుసు? ధర నెత్తికెక్కింది. ఫోముకైతే వానా లేదు, పురుగూ లేదు, ఎన్ని కావాలంటే అన్ని. అటు తిరిగారు.”

“ఆ ధర నెత్తికెక్కినప్పుడే కదరా మీ మిల్లాయన జీపేసుకుని వచ్చి మా నెత్తికెక్కింది. కోకో వదిలెయ్యండి, బాల్సా వెయ్యండి అని.”

“కోకో పురుగు కొట్టి పోయింది మామా. ఆయనేం పీకించలేదు.”

“పోతే పోయింది. ఐదేళ్ళలో నీ గుమ్మంలో లారీ ఆగుతుందన్నాడు. ఐదేళ్ళు నిండాయి. లారీ ఏది?”

“నన్నడిగితే?”

“నిన్ను కాక చెట్టునడగనా? సరే, ఇది చెప్పు. గాలిమరలు కట్టటం ఆపేశారా?”

“లేదు. ఇంకా ఎక్కువ కడుతున్నారు.”

“రెక్కలు లేకుండా తిరుగుతున్నాయా?”

“మామా.”

“గాలి ఆగిందా?”

“ఆగలేదు మామా.”

“మరి నా చెట్లొక్కటే ఆగాయి. బాగుంది. పక్క తోట తోకునాయ్ చెట్లు ఆగలేదేం?”

“తోకునాయ్ చెట్లకేమైంది?”

“మూడు రోజుల కిందట లారీ ఎక్కాయి.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరో చెప్పటమేంటి, నా గుమ్మం ముందునుంచే పోయింది లారీ. మొద్దు చివర ఎర్ర రంగు గుర్తు. ఆ గుర్తు వేసే చెయ్యి ఎవరిదో నాకు తెలియదా? ఆర్డర్లు లేవన్నవాడివి రంగెందుకు పూశావురా?”

“ఒక్కటి వచ్చింది.”

“ఏది?”

“ఆర్డరు. ఈ నెల మొదట్లో. ఒక్క ఓడకి సరిపడా.”

“నెల మొదట్లోనే తెలుసు నీకు.”

“తెలుసు.”

“ఎప్పటిదాకా తీసుకుంటారు?”

“శనివారం దాకా వచ్చిన మొద్దులే కోస్తారు. ఎండబెట్టి నెలాఖరు ఓడకి ఎక్కిస్తారు. తర్వాత ఇంకేం లేదు. మిల్లు కూడా మూసేస్తారంటున్నారు.”

“ఇవాళ మంగళవారం.”

“అవును.”

“శనివారం దాటితే వీటి గతేంటి? నోరు తెరిచి చెప్పు, నువ్వు చదువుకున్నవాడివి.”

“వానలు పడితే నడిమి ఎర్రబారుతుంది. నీళ్ళు పట్టి బరువెక్కుతాయి. ఎవరూ తీసుకోరు.”

“వంటకన్నా పనికొస్తాయా?”

“బాల్సా ఏం మండుతుంది మామా. ఒక పొంగు కూడా రాదు.”

“ఇదంతా తెలిసే నోరు మూసుకున్నావు. ఎవరికోసంరా? నేను పోయేదాకా ఆగుదామనా? నేలతోపాటు చెట్లూ నీకొస్తాయనా?”

“నువ్వు పోయేదాకా ఆగితే చెట్లు పాడైపోతాయి. నాకేం మిగులుతుంది మామా? కాస్త ఆలోచించు.”

“అదే మూడు రోజుల్నించి ఆలోచిస్తున్నా. అక్కడే లెక్క తేలట్లేదు. ఇంకెవడైనా ఉన్నాడా? వేరే కొనేవాడు?”

“ఎవరూ లేరు.”

“కొకోపో సంతలో నిన్ను చూశారంట. ఎవరో తెల్లచొక్కా వాడితో, చెవిలో చెవి పెట్టి.”

“అతను కొనేవాడు కాదు. సర్వే ఆఫీసు గుమాస్తా.”

“సర్వే ఆఫీసుతో నీకేం పని?”

“ఏదో పని.”

“ఆ ఏదో పని ఏంటి?”

“మిల్లు పనే మామా, వదిలెయ్.”

“వదలను. నేనే చెప్పనా? కాగితంలో నా కూతురు డెల్మా పేరు రాయమన్నా కదా, అది నీకు మింగుడు పడలేదు. వారసుణ్ణి నేనుండగా కూతురి పేరేంటి అనుకున్నావు.”

“అనుకోలేదు.”

“అనుకోకుండా ఉంటావా? నేను నీ వయసులో ఉన్నప్పుడు మా మామ గురించి అంతకంటే ఎక్కువ అనుకున్నా. కానీ దాని సంగతి చూడు. తల్లి పోయి రెండేళ్ళు. మొగుడు వదిలేసి పోయాడు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని నా పంచలో ఉంది. నేను పోయిన మర్నాడు ఆ పంచ నీది.”

“నేను డెల్మాని వెళ్ళగొడతానా?”

“మళ్ళీ నువ్వే అన్నావు. నువ్వు వెళ్ళగొట్టక్కర్లేదురా. నీ పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు. వాళ్ళమ్మ వాళ్ళ నేలలో దానికి జాగా ఉంది. గోడా లేదు, పైన రేకూ లేదు. ఈ చెట్లు అమ్ముడుపోతే దానికో ఇల్లు. అంతే. ఇంకేం అడగను నిన్ను.”

“కాగితంలో పేరొక్కటే రాస్తే సరిపోదు మామా. ఏ వంశం నేలో కూడా రాయాలి. ఆ వంశం పెద్దలొచ్చి, పటం చూసి, తోటలో నిలబడి వేలిముద్రలు వెయ్యాలి.”

“వెయ్యనీ. ఎవరొద్దన్నారు?”

“ఆ మొద్దు మీద కూర్చో.”

“నిలబడే వింటా.”

“కూర్చో మామా, నీకు దణ్ణం పెడతా.”

“ఊఁ. కూర్చున్నా.”

“మిల్లువాళ్ళిచ్చిన హద్దులు చూపించే మిషన్ పట్టుకుని తోట చుట్టూ తిరిగా. చూపించింది నమ్మలేదు. మళ్ళీ తిరిగా. మళ్ళీ అదే. అప్పుడు సర్వే ఆఫీసుకెళ్ళి పాత పటం తీయించా. ఆ తెల్లచొక్కా అతను వెతికిచ్చాడు.”

“ఏం చూపించింది?”

“ఈ తోట మన నేలలో లేదు.”

“ఏంటి?”

“మన హద్దు వాగు దగ్గరే ఆగిపోయింది. వాగు దాటితే అత్తవాళ్ళ వంశం నేల, డెల్మాదీ అదే వంశం. కొండ పేలి బూడిద వాన పడ్డ ఏడాది, హద్దుకి నాటిన మొక్కలన్నీ మాడిపోయాయంట కదా. నేనప్పుడు చంటివాణ్ణి, నాకేం తెలుసు. వాళ్ళవైపు గుర్తున్న ముసలాళ్ళూ పోయారు. నువ్వు గుర్తు తప్పావు. నాలుగు వందల చెట్లూ వాళ్ళ నేలలో ఉన్నాయి మామా.”

“ఎవరికి చెప్పావు?”

“ఎవరికీ చెప్పలేదు.”

“నీ పెళ్ళానికి?”

“ఎవరికీ. గుమాస్తాకి కూడా ఏ తోట కోసమో చెప్పలేదు.”

“ఊఁ.”

“పెళ్ళాం వంశం నేలలో చిలగడదుంప వేసుకో, అరటి వేసుకో, ఎవరూ ఏమనరు. ఏళ్ళ తరబడి నిలిచే చెట్టు నాటితే మాత్రం నేల కాజేసినట్టే. గవ్వల డబ్బు దండలు తెచ్చి తప్పు కట్టుకోవాలి. కట్టుకోవటం పోనీ, నిన్ను నలుగురి మధ్య నిలబెడతారు. చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే మనిషివి. ఈ వయసులో నీకిది కావాలా? అందుకే ఆర్డర్లు లేవని అబద్ధం చెప్పా. ఓడ పోతే పోనీ, చెట్లు పోతే పోనీ, మామ పరువు నిలుస్తుంది చాలనుకున్నా.”

“నా కోసమా?”

“మరెవరి కోసం? నాన్న పోయాక నన్ను సాకింది ఎవరు?”

“పెద్ద మాటలు వద్దులే.”

“మొన్న డెల్మా నీళ్ళ బిందె ఎత్తుకుని ఎదురొచ్చింది. మా తోట ఎప్పుడు కోస్తారన్నా అని అడిగింది. ఆ పిల్ల ముఖం చూశాక ఇంకా అబద్ధం ఆడలేకపోయా. ఇదిగో, తీసుకో.”

“ఏంటిది?”

“నువ్వడిగిన కాగితం. డెల్మా పేరే రాశా. కింద వాళ్ళ వంశం పేరు. రేపు పొద్దున వాళ్ళ పెద్దల్ని తీసుకొస్తా వేలిముద్రలకి. ఎల్లుండి కోత. శనివారం లోపల మొద్దులు మిల్లులో ఉంటాయి.”

“వాళ్ళు అడుగుతారు. ఎవడ్రా నాటింది అని.”

“అత్త నాటిందని చెప్పు. ఆడది తన నేలలో తను నాటుకుంటే తప్పేముంది? పోయిన మనిషి వచ్చి కాదనదు కదా. నేనూ అదే చెప్తా. మొక్కలు మోసింది నేనని ఊరందరికీ తెలుసు, నా మాట నమ్ముతారు.”

“మన వంశం వాళ్ళు ఊరుకుంటారా? ఐదేళ్ళ కష్టం పక్కవాళ్ళకి రాసిచ్చావని నిన్ను చీల్చేస్తారు.”

“తిడతారు. కొన్నాళ్ళు తిట్టి వాళ్ళే ఊరుకుంటారు.”

“నీకేం మిగిలిందిరా ఇందులో?”

“ఏముంటుంది మామా? మిల్లు మూస్తే ఉద్యోగం కూడా ఉండదు. అయినా పొరపాటున పక్క నేలలో పడ్డ చెట్లు, నావని ఎలా అడుగుతా?”

“పొరపాటంటావు.”

“పొరపాటే కదా. బూడిద కింద హద్దు ఎవరికి కనబడుతుంది? నీ తప్పేం లేదు. అలా చూడకు మామా, నువ్వు బాధపడతావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు.”

“పొరపాటు కాదురా తోలిమన్. వాగు ఎక్కడుందో నాకు తెలుసు. నేను పోయాక ఇవి నీ చేతికి చిక్కకూడదని, తెలిసి తెలిసీ, నీ చేతే మొక్కలు మోయించి వాగు దాటించాను.”