చివరి పేజీ కింద ముద్ర

ఏం చూశావో ముందు అది చెప్పు, డోరీన్. ఊహించుకున్నది కాదు, కళ్లతో చూసింది. ఎదురుగా బేకరీ కిటికీ దగ్గర కూర్చున్నావు. ఇద్దరు టోపీల వాళ్లు నా ప్రెస్సులోకి వచ్చారు. నేను వాళ్లకి కాఫీ పోశాను. పోయేటప్పుడు ఒకడు నా భుజం తట్టాడు. అంతేగా?

నవ్వానా? నవ్వే ఉంటాను. భయమేస్తే నాకు నవ్వొస్తుంది. పందొమ్మిది వందల ముప్పై నాలుగులో, రేవు సమ్మెప్పుడు పోలీసు స్టేషన్లో కూడా ఇలాగే నవ్వాను. అందుకు ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ పడ్డాయి.

కూర్చో ముందు. తలుపు గడియ నేనే పెట్టాను. పొగమంచు లోపలికొస్తే కాగితం మెత్తబడిపోతుంది, నీకు తెలియనిదా. చేతులు ఖాళీగా ఎందుకు, ఆ అచ్చు కాగితాలు మడత పెడుతూ విను. కిటికీ దగ్గరికి మాత్రం వెళ్లకు.

లీలండ్ గదిలో లేడా? వాడు గదిలో ఎప్పుడున్నాడు గనక. పొద్దస్తమానం ఈ కొండల మీద నడుస్తూ, గొణుక్కుంటూ, కాగితం దొరక్కపోతే చేతి మీద రాసుకుంటూ తిరుగుతాడు. నాలుగింటికి గ్రాంట్ వీధి కెఫెకి రాడూ? బల్ల ఎక్కి తన కవితలు చదవడూ? ఇంకా అరగంటుంది. వెళ్దువుగాని.

వాళ్లు ఈ ప్రెస్సుకే ఎలా వచ్చారని కదూ నీ అనుమానం? చెప్తాను. మనం అచ్చేసిన పుస్తకం మీద, రాసిన లీలండ్ పేరు లేదు. ప్రెస్సు పేరు లేదు, వీధి పేరు లేదు. అలా ఉండకూడదని ముగ్గురం ఇక్కడే కూర్చుని అనుకున్నాం. సైన్యం నుంచి పిలుపొస్తే కార్డు చింపి పారెయ్యమని రాసిన పుస్తకం మీద ఎవడైనా పేరు వేసుకుంటాడా?

చివరి పేజీ అడుగున చూడు. ఇదిగో, ఈ అద్దం పట్టుకో. నువ్వుగింజంత ఉంది, కనబడిందా? అచ్చు పనివాళ్ల యూనియన్ ముద్ర. పక్కనే అంకె ఉంది చూడు, అది నా ప్రెస్సు నంబరు.

ఎవరూ వెయ్యమనలేదు. నా చెయ్యే వేసింది. ఇరవై నాలుగేళ్లుగా ఆ ముద్ర లేకుండా పెళ్లి పిలుపు కూడా ఈ ట్రెడిల్ మిషను మీంచి బయటికి పోలేదు. దాని కోసమే కదా ఆ స్టేషన్లో ఈ రెండు వేళ్లు ఇలా వంకరపోయింది. అక్షరాల చట్రం బిగిస్తున్నాను, మూల ఖాళీగా ఉంది, ముద్ర తీసి పెట్టేశాను. కొందరు బయటికి పోతూ టోపీ పెట్టుకుంటారే, అలాగ. తర్వాత మూడు వందల ప్రతులు తీశాను. ఒక్కసారైనా తట్టలేదు.

తిట్టు. తిట్టాల్సిందే.

ఓక్లాండ్‌లో ఏడుగురు కుర్రాళ్లు అది చదివి తమ కార్డులు తీసుకెళ్లి రేవులో పారేశారట. పద్దెనిమిదేళ్ల వాళ్లు. అందులో ఒకడి తండ్రి జడ్జి. ఆయన కొడుకు పరుపు కింద పుస్తకం దొరికింది. ఆయన దాన్ని వీళ్లకిచ్చాడు, వీళ్లు ఆ నంబరు పట్టుకుని వచ్చారు.

నిజం చెప్పనా, నాకు లీలండ్ రాతలంటే ఒళ్లు మంట. మేం వేలమందిమి భుజం భుజం కలిపి నడిచి రేవు ఆపాం. మా కరపత్రాల్లో ప్రతి మాటా 'మేము'. వీడికి ప్రతి వాక్యం 'నేను'. ఇంగ్లీషులో దానికి ఒక్క అక్షరమేగా, అది నా అచ్చక్షరాల కేసులో అయిపోయి పక్క ప్రెస్సు నుంచి అరువు తెచ్చాను. "ఎంతమంది ఉన్నార్రా నీలో?" అన్నాను. వాడేమన్నాడో గుర్తుందా? "పెద్దాయనా, మీ గొడవంతా కూలి పెంచమని. మాకసలు వాళ్ల కూలే వద్దు." నువ్వు పగలబడి నవ్వావు. నాకు కాలింది. కోపంగా టైపు పేర్చుకుంటూ పోయాను.

అక్కడే చెడింది.

వాళ్లు ఏ ఆఫీసు వాళ్లో సరిగా చెప్పలేదు. కార్డు చూపించి మూసేశారు. పెద్దవాడు మర్యాదస్తుడు, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అలాంటి వాళ్లతోనే ప్రమాదం. "ఎవరు రాశారు సార్?" అన్నాడు. "నేనే," అన్నాను.

అవును, అన్నాను. ముఖం అలా పెట్టకు. అరవై మూడేళ్లొచ్చాయి, పెళ్లాం పోయింది, నన్ను తీసుకెళ్లి ఏం చేసుకుంటారులే అనుకున్నాను.

ఆయన పుస్తకం మూసి వెనక్కి పెట్టుకున్నాడు. "చాలా సంతోషం. మూడో పేజీ ఎలా మొదలవుతుందో ఒక్కసారి చెప్పండి," అన్నాడు.

చెప్పలేకపోయాను.

ఒక్కొక్క అక్షరం ఈ వేళ్లతో ఏరి పెట్టాను డోరీన్. తలకిందులుగా, కుడి ఎడమైన అక్షరాలు. ఎక్కడ ఖాళీ ఎక్కువైందో, ఏ పేజీలో ఏ అక్షరం అరిగిందో ఇప్పుడడిగినా చెప్తాను. చదవలేదు. కంపోజిటర్ చదవడు. చదివితే చెయ్యి ఆగుతుంది, తప్పులొస్తాయి. నా గురువు నేర్పిన మొదటి పాఠం అది. ఇష్టంలేని రాత కదా, నేను మరీ జాగ్రత్తగా చదవకుండా ఉన్నాను.

అప్పుడాయన మూడో పేజీ తీసి చదివాడు. నిదానంగా, పిల్లలకి చదివినట్టు. 'నేను ఆ రెండు వంకర వేళ్లకు పుట్టాను. చీకటి గదిలో ఒక్క పేరూ చెప్పని వేళ్లకు పుట్టాను.'

చదివి నా చేతి వంక చూశాడు. "మీ గురించే కదా. మీరే రాసుకున్నారా?" అన్నాడు. చిన్నవాడు కిసుక్కున నవ్వాడు.

నీకు తెలుసు కదా, లీలండ్ నా గురించి రాశాడని? నాకు చెప్పలేదేం? ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిద్దామనుకున్నారా? సరేలే. వాడితో ఏడాదిగా పోట్లాడుతున్నాను. నా మాట ఒక్కటీ వాడి చెవిన పడటం లేదనుకున్నాను.

మడత ఆపకు. ఆ నల్లకారు సంగతి తర్వాత. చూడొద్దన్నానా, అయినా చూశావు. వాళ్లదే, రెండింటి నుంచీ అక్కడే ఉంది.

అదే నీ భయమైతే, నా ప్రెస్సు తీసేసుకుంటామనలేదు, కొడతామనలేదు. కొడితే నాకు తేలిక, అది నాకు అలవాటైన పని. పెద్దవాడు జేబులోంచి ఒక ఫొటో తీశాడు. నీ స్కూలు ఫొటో. రెండు జడలు, తెల్ల కాలరు. "స్టాక్టన్ నుంచి పారిపోయిన పిల్ల, పదిహేడేళ్లు. ఈ పుస్తకాలు మడిచింది ఈమేనట కదా?" అన్నాడు. "ఆడపిల్లల జైల్లో ఇరవై ఒకటి నిండేదాకా ఉంచొచ్చు. మాకు ఒక్కరు చాలు సార్. ఎవరన్నది మీ ఇష్టం."

కూర్చో. కూర్చోమన్నానా. ఆ గడియ బిగుసుకుపోయింది, నీకు రాదు. వాళ్లతో ఒప్పుకున్నది కూడా అదే, నాలుగయ్యేదాకా నువ్వు ఆ కెఫె దరిదాపుల్లో ఉండకూడదు. వాడి పక్కన కనబడ్డావంటే నిన్నూ తీసుకెళ్తారు.

ముప్పై నాలుగులో మూడు రోజులు కొట్టినా నా నోట పేరు రాలేదు. ఇవాళ కాఫీ చల్లారకముందే వచ్చింది. వాడి పేరు చెప్పాను. కెఫె చెప్పాను. టైం చెప్పాను. ఎర్ర మఫ్లరు కట్టుకుంటాడని కూడా చెప్పాను, అది వాళ్లు అడగనే లేదు.

ఇంతసేపూ ఎందుకు వాగుతున్నాననుకున్నావు?

అదిగో, చర్చి గంట. లెక్కపెట్టకు, నాలుగే. కారు కదిలింది. ఇప్పుడు తలుపు తీస్తాను, పక్కకి జరుగు. గడియని కొంచెం పైకెత్తి లాగాలి, అంతే. నాకు ఈ రెండు వేళ్లు చాలు.

శనివారం వాణ్ని చూడ్డానికి వెళ్తావు, నువ్వు వెళ్లకుండా ఉండవు. కమ్మీల అవతల నుంచి వాడు మొదట అడిగేది నా గురించే. "పెద్దాయన నోరు విప్పలేదు కదా?" అంటాడు. అప్పుడు వాడికి ఏం చెప్తావు, డోరీన్?