చక్రాల్లేని బండికి నిమ్మకాయ

బుల్లెమ్మని ఎరగరూ? బెజవాడ వారధి దిగీ దిగంగానే ఆటో స్టాండుందే, అక్కడ గోనెసంచి పరుచుకుని నిమ్మకాయలు, మిరపకాయలు దండలు గుచ్చి అమ్మేది. ఆ బుల్లెమ్మ. కొత్త ఆటో వచ్చినా, పాత ఆటోకి కొత్త ఇంజను పడినా, ముందు ఆవిడ దగ్గరికే తెచ్చేవాళ్ళంట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది, దణ్ణం పెట్టుకునేది, "పోనీ నాయనా, చల్లగా వెళ్ళి చల్లగా రా" అనేది. టప్పుమని కాయ నలిగితేనే బేరానికి బయల్దేరడం. ఆవిడ చెయ్యి అంత మంచిదనుకో. జనం కూడా, ఆటోకి బుల్లెమ్మ కట్టిన దండ ఉందో లేదో చూసి మరీ ఎక్కేవాళ్ళు.

ఆవిడకి ఒక్కగానొక్క మనవరాలు, కూతురి కూతురు, ఝాన్సీ అని. తల్లి లేని పిల్ల, ఈవిడే పెంచింది. ఆ పిల్ల ఏం నేర్చిందంటే, ఎగిరే టాక్సీ నడపడం. నవ్వుతారేంటే! కరెంటు బండి. నెత్తి మీద చుట్టూతా మన ఫ్యాన్ల లాంటివి ఉంటయ్. పరిగెత్తక్కర్లా, నిలబడ్డ చోటే నిట్టనిలువునా లేచిపోద్ది. వారధి మీద లారీలు ఇరుక్కుని జనం చెమటలు కక్కుతంటే, ఇది కృష్ణమ్మ మీదగా ఎగిరెళ్ళి అవతల మేడ మీద దిగుద్దంట. సరే, ఆటో స్టాండు పక్కనే నున్నగా సిమెంటు చేసి బండి తెచ్చి నిలబెట్టారు. ఏమైందంటే, ఒక్కళ్ళు ఎక్కలా! వస్తారు, చుట్టూ తిరుగుతారు, సెల్లులో ఫొటో దిగుతారు, బుల్లెమ్మ వంక చూస్తారు. "ఏం బుల్లెమ్మా, దీనికి పెట్టలేదే?" అంటారు. ఈవిడేమో "దానికి చక్రాలేవి, నేనెక్కడ పెట్టను?" అని మొహం తిప్పుకునేది. పోనీ దండ కడదామన్నా ఆ ఫ్యాన్లకి చుట్టుకుంటదని కంపెనీ వాళ్ళు కట్టనియ్యరు. జనం వచ్చిన దారినే పొయ్యేవాళ్ళు.

ఇట్లా కొన్నాళ్ళు గడిచినయ్. ఒకనాడు మేనేజరొచ్చి, చూడమ్మా ఝాన్సీ, ఈ సాయంత్రం లోపు ఒక్క మనిషన్నా ఎక్కకపోతే రేపు బండి ఇక్కణ్ణించి తీసేస్తాం, నీ ఉద్యోగం కూడా ఇంతటితో సరి అన్నాడంట. ఆ పిల్లకి ఏడుపు తన్నుకొచ్చింది. తిన్నగా అమ్మమ్మ దగ్గరికెళ్ళి గోనెసంచి మీద కూలబడి, "ఊళ్ళో ప్రతి అడ్డమైన బండికీ పెడతావు, నా బండికి పెట్టవేంటే అమ్మమ్మా? నేనేం పాపం చేశా?" అంది. "చక్రాలేవే తల్లీ?" "చక్రాలు లేకపోతే కాళ్ళున్నాయిగా, కాళ్ళ కింద పెట్టు. లేచేటప్పుడు నలగదు, దిగేటప్పుడు నలుగుద్ది." అప్పుడొచ్చింది బుల్లెమ్మకి కోపం. "దిగేటప్పుడా! మరి దిగేదాకా నిన్నెవరు కాస్తారే? ఆటో ఆగిపోతే రోడ్డు మీద ఆగుద్ది. నీది ఆగిపోతే? నాకున్నదే నువ్వొక్కదానివి" అని బావురుమంది. అదీ సంగతి! చక్రాలూ కాదు, దండా కాదు. ముసల్దానికి భయం. అందరి బళ్ళకీ ధైర్యంగా పెట్టిన చెయ్యి, సొంత పిల్ల బండి దగ్గర ముందుకి రాలా. మనమైనా అంతేగా, కాదనండి చూద్దాం.

ఝాన్సీ అమ్మమ్మ కళ్ళు తుడిచి, "అయితే నువ్వే రా కాపలాకి. నా పక్కన కూర్చో" అంది. బుల్లెమ్మా? పుట్టి బుద్ధెరిగి రెండో అంతస్తు ఎక్కని మనిషి! కాసేపు బండి వంక చూసింది, కాసేపు పిల్ల మొహం వంక చూసింది. లేచింది, కొంగు బిగించింది. బండి కాళ్ళ పక్కన నాలుగు కాయలు పేర్చి, ఒక కాయ గుప్పిట్లో పట్టుకుని ఎక్కి కూర్చుంది. ఫ్యాన్లు గిర్రున తిరిగినయ్. ఆ గాలికి కింద పేర్చిన కాయలన్నీ దొర్లుకుంటా పోయినయ్, పట్టండ్రా పట్టండ్రా అని ఆటోవాళ్ళు వాటెనక పరుగు! బండి మాత్రం లేచిందంటే లేచింది. బుల్లెమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని దుర్గమ్మని తల్చుకుంటా ఉంది. కళ్ళు తెరువే అమ్మమ్మా, కొండ చూడు అంటే మెల్లిగా ఒక కన్ను తెరిచిందంట. కింద కృష్ణమ్మ తళతళమంటా ఉంది. వారధి మీద లారీలు ఉన్నచోటే ఉన్నయ్, కదల్లా. పక్కన మనవరాలు, చెయ్యి కాస్తయినా వణక్కుండా నడుపుతా ఉంది. "ఓసి నీ అసాధ్యం కూలా! నువ్వేనటే ఇది నడిపేది!" అందంట. అప్పుడు రెండో కన్నూ తెరిచింది.

అవతలికెళ్ళి మళ్ళీ తిరిగొచ్చి దిగారు. కింద ఒక్క కాయా లేదు, గాలికి పోయినయ్యిగా. ఇప్పుడెట్లా అని జనం మొహమొహాలు చూసుకున్నారు. బుల్లెమ్మ తలుపు తీయించుకుని, గుప్పిట్లో కాయ కింద పెట్టించి, దిగుతా దిగుతా దాని మీదే మడమ వేసి తొక్కింది. టప్పు! "దీనికి చక్రాల్లేకపోతే ఏంరా? క్షేమంగా దిగిన కాలుంది, చాలదూ? రండి, ఎవరెక్కుతారో!" అంది. ముందు ఎగబడింది ఎవరనుకున్నారు, ఆ ఆటోవాళ్ళే!

ఇప్పుడక్కడ ఎవరు దిగినా నిమ్మకాయ తొక్కి దిగాల్సిందేనంట. సిమెంటంతా తొక్కలే అని మేనేజరు గొణుగుతాడంట, గొణిగి తనూ తొక్కుతాడంట. ఝాన్సీ బండి ఖాళీగా ఉండే రోజే లేదు. బుల్లెమ్మ మాత్రం పొద్దస్తమానం మెడెత్తి పైకి చూస్తానే ఉంటది. కింద టప్పుమన్నాకే చూపు దించి, తర్వాతి దండ గుచ్చుద్ది. భయం పోయిందా అంటే, పిల్లల మీద భయం ఎక్కడ పోద్దమ్మా? దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే ఎగరాల. నేనా? ఎక్కుతాలే, ముందు ఈ మోకాళ్ళు కుదురుకోనీ. నవ్వింది చాలు, లేవండిక.