ఆరోపణనూ జవాబునూ చదివి వినిపించిన ద్వారకనాథ్ గారు

1993వ సంవత్సరం జూన్ 14వ తేదీ సోమవారం నాడు తిరుత్తణిలోని 'పొలిమేర వార్త' వారపత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరిన శ్రీ ద్వారకనాథ్ గారు, మూడు దశాబ్దాలకు పైబడిన అవిచ్ఛిన్న సేవ అనంతరం, ఈ నెలాఖరున ప్రధాన విలేఖరిగా పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజే సంపాదకీయంలో రెండు తప్పులు పట్టి సంపాదకుల అభిమానాన్నీ, అంతకంటే ముందుగా వారి అసహనాన్నీ ఆర్జించుకున్నారని పాతవారు చెబుతారు.

రెండేళ్లకే విలేఖరిగా నియుక్తులై, వెంగల్ వరిమళ్ల నీటి తగాదాలు మొదలుకొని ఆత్తిపట్టు కార్మిక సంఘాల ఎన్నికల దాకా, టౌన్ బస్సు వెళ్లే చోటికి బస్సులోనూ వెళ్లని చోటికి మోపెడ్ మీదా వెళ్లి వార్తలు తెచ్చారు. 1998లో ఒక పంచాయతీ ప్రెసిడెంటు, తమ మీద వచ్చిన వార్తకు సమాధానమడిగితే, "నాకు తెలుగు మాట్లాడను వస్తాది గానీ చదవను రాదు సార్. మీరేం రాసినారో నాకెట్ల తెలుస్తాది?" అన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో తమిళమే చదివే మన ప్రాంతంలో అది అబద్ధం కాదు. నాయకులకు అంతకంటే సుఖమైన నిజమూ లేదు. ఆ వారం నుంచి ద్వారకనాథ్ గారు ఎవరి మీద వార్త రాసినా, అచ్చుకు ముందే వారింటికి వెళ్లి, అక్షరం వదలకుండా చదివి వినిపించి, వారి జవాబును వారి మాటల్లోనే రాసుకుని, కింద సంతకం పెట్టించుకునేవారు. వార్త అడుగున ఆ జవాబు వచ్చి తీరేది.

ఈ పద్ధతి ఇంట్లోనూ అమలైందని వారి సతీమణి శ్రీమతి చంద్రావతి గారు సాక్ష్యమిస్తున్నారు. "సాంబార్లో ఉప్పు ఎక్కువైందని ఆరోపణ వచ్చినాది, నీ జవాబేంది అంటారు. జవాబు రేపు చెప్తాను, ఈ పూటకి తినండి అంటాను." ఆ జవాబులు ఇంతవరకు అచ్చు కాలేదు.

2023లో ఆర్.కె.పేట దగ్గరి ఒక పల్లె చెరువు పూడికమట్టి వ్యవహారం మన ప్రాంతమంతటినీ కుదిపేసింది. రైతుల పొలాలకు మాత్రమే అనుమతి ఉన్న మట్టి లారీల్లో తిరువళ్లూరు వైపు ఇళ్ల స్థలాలకు పోతోందని, గట్టు పక్కన సేద్యం చేసుకునే అలిమేలమ్మ గారు చెప్పారు. పేరు వేసుకోవడానికీ ఒప్పుకున్నారు. ద్వారకనాథ్ గారు రెండు రోజులు రోడ్డు పక్కన నిలబడి లారీలు ఎటు వెళ్తున్నాయో కళ్లారా చూశారు. ఆరోపణ పంచాయతీ యూనియన్ చైర్మన్ గారి మీద. వారి పేరు ఇక్కడ అనవసరం. వారు మన చందాదారులు.

ఎప్పటిలాగే వెళ్లి చదివి వినిపించారు. చైర్మన్ గారు కాఫీ ఇప్పించి, ఓపిగ్గా విన్నారు.

"మన్ను యాడికీ పోలేదన్నా. అంతా రైతుల చేలకే తోలించినాను. పదకొండు పేర్లు చెప్తా, రాసుకో."

రాసుకున్నారు. చైర్మన్ గారు తమిళంలో సంతకం చేశారు.

అది ఆడికృత్తిక తిరునాళ్ల సంచిక. భక్తులకు స్వాగతం పలికే నాయకుల ప్రకటనలతో పేజీలు నిండిపోయాయి. పేజీలు కూర్చే నివేద చోటు చాలడం లేదంటే, వేరే వార్తలో మునిగి ఉన్న ద్వారకనాథ్ గారు తలెత్తకుండానే, "అడుగున మూడంగుళాలు తీసేయమ్మా" అన్నారు. అడుగున ఉన్నది జవాబు.

పత్రిక వచ్చిన రోజే చైర్మన్ గారు ఊళ్లో ప్రకటించారు: పత్రిక తమ మాట మింగేసింది, అలిమేలమ్మ అబద్ధమాడింది, ఆదివారం పాల సొసైటీ ముందు ఆయమ్మ అందరి ఎదుటా మన్నిప్పు అడగాలి, అంటే క్షమాపణ చెప్పుకోవాలి. సొంత మరుదులే ఆమెను ఒప్పుకోమని పోరు పెట్టారు. ఒప్పుకుంటే, ఇక ఆ ఊళ్లో ఆమె మాట మాట కాదు.

సంపాదకులు మురళీధరన్ గారు, "దొంగ జవాబుకు అంత మర్యాద ఎందుకు సార్? వదిలేయండి" అన్నారు.

"ఆయన దొంగో కాదో ఊరు తేల్చుకుంటుంది. మాట మింగింది మాత్రం నేను" అన్నారు ద్వారకనాథ్ గారు. తదుపరి సంచిక మొదటి పేజీలో తమ పేరుతోనే పొరపాటును ఒప్పుకుని, జవాబును పదకొండు పేర్లతో సహా పూర్తిగా వేయించారు. నివేద పేరు ఎక్కడా రానివ్వలేదు.

ఊళ్లో కుర్రకారుకు తెలుగు చదవడం రాదు గనుక, ఆదివారం తామే పత్రిక పట్టుకుని పాల సొసైటీ ముందు నిలబడ్డారు. క్షమాపణ చదువుతున్నంతసేపూ చైర్మన్ గారు చిరునవ్వుతో తల ఊపారు. తరువాత జవాబు మొదలైంది. మూడో పేరు దగ్గర ఎల్లప్ప అనే పెద్దాయన లేచారు.

"ఇదో అన్నా, నా చేనికి మన్ను తోలినారా? ఏ చేనికి? నేను అమ్ముకొని ఆరేండ్లాయ."

ఐదో పేరుకు ఒక యువకుడు, "అది మా తాత పేరు. ఆయన పోయి నాలుగేండ్లు" అన్నాడు.

"చచ్చినోనికి కూడా మన్ను ఇచ్చినాడంటే చైర్మన్ది పెద్ద మనసే మామా" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఇది ఎవరో పుట్టించిన లిస్టు" అన్నారు చైర్మన్ గారు. ద్వారకనాథ్ గారు సంతకం ఉన్న కాగితాన్ని ముందు వరుసకు అందించారు. తమిళం అందరికీ చదవడం వచ్చు. చైర్మన్ గారికి అప్పుడే తిరువళ్లూరులో ఒక పెళ్లి గుర్తొచ్చింది.

అలిమేలమ్మ గారు లేచి, మరుదుల వైపు చూసి, "ఇంగ నేను ఎవర్ని అడగాలప్పా మన్నిప్పు?" అన్నారు.

అధికారుల విచారణ సాగుతుండగానే చైర్మన్ గారు అనారోగ్య కారణాల వల్ల రాజీనామా చేశారు. దేవుడి దయవల్ల ఇప్పుడు దుక్కలా ఉన్నారు. లారీలు మళ్లీ రాలేదు.

నిజాన్ని వెలికితీసే విలేఖరులు ఎందరో ఉన్నారు. తమ తప్పును అంతే శ్రద్ధతో చదివి వినిపించిన వారు అరుదు. ఆ ఆదివారానికి ముందు మన కార్యాలయానికి వచ్చే పల్లెవాసులు, "రాయండి సార్, నా పేరు మాత్రం వద్దు" అనేవారు. ఆ తరువాత నెలలో రేషన్ బియ్యం సంగతి చెప్పడానికి వచ్చిన శోభన అనే కూలి మహిళ కుర్చీలో కూర్చోకముందే, "పేరు పెట్టే రాయన్నా" అన్నారు. ద్వారకనాథ్ గారు కలం మూత తీసి, అన్నిటికంటే ముందు ఆ పేరే రాసుకున్నారు.

శ్రీ ద్వారకనాథ్ గారు చల్లని కంటిచూపుతో, చెదరని గొంతుతో, చంద్రావతి గారి తోడుగా నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండాలని సహోద్యోగులమంతా మనసారా కోరుకుంటున్నాము. ఈ ఆకాంక్షతో ఏకీభవించని ప్రజాప్రతినిధులు ఎవరైనా ఉంటే, వారి జవాబును కూడా పూర్తిగా ప్రచురిస్తామని సవినయంగా మనవి చేస్తున్నాము.