పదహారు యాంటెన్నాల విమానం

విమానాల షెడ్డు పక్కనున్న క్యాంటీన్‌లోకి పైలట్ వచ్చింది ఒక్క మాట కోసం. కాసేపట్లో ఆమె తన చిన్న విమానాన్ని పైకి తీసుకెళ్లాలి. రాడార్ నువ్వెవరని అడిగితే పేరూ ఎత్తూ చెప్పే పెట్టె అందులో ఉంది. ఇన్నాళ్లూ దానికి పొట్ట కింద ఒక్కటే యాంటెన్నా. విమానం పక్కకి ఒరిగితే చాలు, రాడార్ తెర మీంచి మాయమయ్యేది. కిందటి వారం అలా మాయమైనప్పుడే ఇంకో విమానం ఆమె పక్కనుంచి దూసుకుపోయింది. అందుకని నిన్న వీపు మీద రెండో యాంటెన్నా బిగించారు. బిగించిన పెద్దాయన అక్కడే టీ తాగుతున్నాడు. షెడ్డంతా ఆయన్ని యాంటెన్నా బాబాయ్ అంటుంది.

"బాబాయ్, పైదాన్ని విడిగా పరీక్ష చేశావా?"

"కూర్చో తల్లీ, చెప్తా. అసలు రెండోది పెట్టాలన్న ఆలోచన ఎవరిదనుకున్నావు? నాదే. మా రోజుల్లో ఒకదానికి రెండు పెట్టాను, బాగా పలికింది, సరే కదా అని రెక్కకొకటి, తోకకొకటి పెట్టుకుంటూ పోతే పదహారయ్యాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"విమానం కనబడకుండా పోయుంటుంది," అన్నాడు పక్క బల్ల దగ్గర పెయింటర్.

"నువ్వుండవయ్యా. రాడార్ అడక్కముందే జవాబిచ్చేసేది. షెడ్డులో ఉండగానే మూడు దేశాల రాడార్లు కుశలం అడిగేవి. తెర మీద పదహారు విమానాలు కనబడేసరికి, పాపం టవర్‌లో వాళ్లు లేని పదిహేనింటినీ కూడా వరసగా దింపుకున్నారు, అందులో ఒకటి ఆలస్యమైందని ప్రయాణికులు గొడవ కూడా చేశారు."

"ఎవరు, ఆ లేని విమానంలో వాళ్లా?"

"టికెట్టు కొన్నారు కదయ్యా మరి. అదలా ఉంచు. ఓసారి గాల్లో ఉండగా పదిహేడోది ఊడొచ్చింది..."

"పదహారన్నావు," అన్నాడు పెయింటర్.

"ఒకటి స్పేరు. నేను కిటికీలోంచి బయటికెళ్లి, తోక మీద బాసింపట్టు వేసుక్కూచుని, వైరు పళ్లతో పట్టుకుని, మబ్బుల్లోనే బిగించేశాను."

పైలట్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇంతసేపైనా తను అడిగినదానికి అవునని రాలేదు, కాదనీ రాలేదు.

"కిందిదానికి తొడుగేసి, పైది ఒక్కటే పలుకుతోందో లేదో చూశావా, బాబాయ్?"

"రెండూ కలిసి ఖంగుమన్నాయమ్మా. నా చేతి పనికి మళ్లీ విడిగా చూడ్డమెందుకు?"

"కిందిదొక్కటే పలికినా అలాగే వినబడుతుంది. సరే, నాతో రా. వెనక సీటు ఖాళీ. పైకెళ్లగానే బాగా ఒరిగిస్తాను, తేలిపోతుంది."

బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నాకు విమానం ఎక్కాలంటే భయం తల్లీ. ఎప్పుడూ ఎక్కలేదు."

"మరి తోక మీద?" అన్నాడు పెయింటర్.

బాబాయ్ అతని వైపు చూడనైనా లేదు. "ఓ అరగంట ఆగమ్మా," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "నిచ్చెన వేసి చూసొస్తాను."

ఆ పూట ఆయన నోట వచ్చిన మాటల్లో పైలట్ నమ్మింది అదొక్కటే.