రొయ్యల బురద

నిజాంపట్నంలో ముసలాయన వసారాలో కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. సముద్రంలో చమురు బావులు వేయించే రేపల్లె ఇంజనీరమ్మ ఎదురుగా పీట మీద కూర్చుంది.

“మీ బావి ఎన్ని బారల లోతులో ఉందమ్మా?”

“నీళ్లే ఏడొందల బారలు తాతా. ఆ అడుగు నుంచి బావి మొదలవుతుంది.”

“అబద్ధమైనా నమ్మేట్టు చెప్పాలమ్మాయ్. లోతు చూసే మా సీసపు గుండు నలభై బారలు దాటి ఎరగదు. అంత చీకట్లో పని ఎవరు చేస్తారు?”

“మనుషులు దిగలేరు. ఓడలో కూర్చుని యంత్రాల చేతులు నడిపిస్తాం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈసారి మొత్తం నా మీదే పెట్టారు.”

ఆయన చేతిలో దారం ఆగిపోయింది. “రేపల్లె పిల్లవి, సముద్రం అడుగు ముట్టుకున్నావన్నమాట.”

“ఒడ్డుకు చమురు తెచ్చే గొట్టం దారి రేపు ఖాయం చేయాలి తాతా. రొయ్యలు పడే చోట వేస్తే మీ వలలు తగులుకుంటాయి. ఇది మేం అనుకున్న దారిలో తీసిన బురద.”

ఆమె డబ్బా మూత తీసింది. ఆయన చిటికెడు నలిపి వాసన చూశాడు.

“లైట్‌హౌసు దాటి, తాడిచెట్లు కనుమరుగయ్యే చోటుదిది. రొయ్యల బురద.”

ఆమె పటం చూసుకుంది. సరిగ్గా అక్కడే.

“ఆ బురద ఎందాకా ఉందో చూపిస్తే గొట్టం పక్కకు జరుపుతాను. కానీ మోకాళ్ల నొప్పులని రెండేళ్లుగా పడవెక్కట్లేదటగా?”

ముసలాయన వల పక్కన పెట్టాడు. మేకుకున్న చొక్కా తొడుక్కుని, ఇల్లు దాటి రేవు వైపు నడిచాడు.